బావి నీళ్లకూ ఒక కాగితం ఉండాలి



మన సదాశివనగర్ ప్రాంతంలో ఎవరైనా కొత్తగా బోరు వేయించారంటే ఊళ్లోవారు ముందుగా అడిగే ప్రశ్నలు రెండు. ఎన్ని ఫీట్లకు పడింది? ఎన్ని ఇంచులు పోస్తోంది? ఈ రెండింటికీ మంచి జవాబు వస్తే ఆ ఇంట్లో ఆ రోజు పండుగే. ఆ నీళ్లలో ఏముంది అనే మూడవ ప్రశ్న అడిగేవారు అరుదు. తేటగా ఉన్నాయి, పశువులు తాగుతున్నాయి, ఇక చాలు అనుకుంటాం. ఈ నెల ఆ మూడవ ప్రశ్నను గూర్చి మాట్లాడుకుందాం.

2023 జనవరిలో మన దగ్గర జరిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కామారెడ్డి మున్సిపాలిటీ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పంట పొలాలను పారిశ్రామిక జోన్‌లో చూపించారని అడ్లూర్ ఎల్లారెడ్డి, ఇల్చిపూర్, టేక్రియాల్, లింగాపూర్ మొదలైన గ్రామాల రైతులు రోడ్డెక్కారు. అడ్లూర్ ఎల్లారెడ్డి మన మండలంలోని ఊరే. ఆ నెల 20వ తేదీన మున్సిపల్ పాలకవర్గం ఆ ముసాయిదా రద్దుకు తీర్మానం చేసింది.

ఆ రైతులు తమ మాట గట్టిగా చెప్పగలిగారంటే ఒక కారణం, వారి భూమికి కాగితం ఉండడం. సర్వే నంబరు ఉంది, పాసుపుస్తకం ఉంది, హద్దులు ఉన్నాయి. ఇది నాది అని చూపించవచ్చు. కాని ఆ భూమి కింద ఉన్న నీటికి ఏ కాగితమూ లేదు. ఆ నీరు సర్వే నంబర్లు ఎరుగదు. ఒకరి హద్దులో పోసిన మురికి ఇంకొకరి బావిలో తేలుతుంది. భూమి మన పేరనే ఉండి, నీళ్లు మాత్రం మనకు పనికిరాకుండా పోయే ప్రమాదం కలదు. అలా పోయిన ఊళ్లు మన రాష్ట్రంలోనే ఉన్నాయి.

పటాన్‌చెరు చెప్పే పాఠం

మన ఊళ్ల నుండి రోడ్డు మీద రెండు మూడు గంటల ప్రయాణంలో పటాన్‌చెరు ఉంది. 1970ల నుండి అక్కడా, పక్కనే ఉన్న బొల్లారంలోనూ ఫ్యాక్టరీలు వరుసగా వచ్చాయి. మందుల ముడిసరుకు తయారుచేసేవి, రసాయనాలు, రంగులు తయారుచేసేవి వాటిలో చాలా ఉన్నాయి. వెనుకబడిన జిల్లాకు పని దొరుకుతుందని అందరూ సంతోషించారు. పని దొరికింది కూడా. కాని ఫ్యాక్టరీలు వాడి వదిలిన నీళ్లు ఎక్కడికి పోవాలన్న ఏర్పాటు మాత్రం ఫ్యాక్టరీలతో పాటు రాలేదు. ఆ నీళ్లు పల్లం వెదుక్కుంటూ కుంటల్లోకి, చెరువుల్లోకి, నక్కవాగులోకి పోయాయి. వాగు పొడుగునా ఉన్న పోచారం, బిథోల్, ఆరుట్ల, చిద్రుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి గ్రామాల పొలాలు, బావులు చెడిపోయాయి. కాజీపల్లి, గండిగూడెం చెరువులదీ అదే గతి.

పటాన్‌చెరులో వైద్యం చేస్తూ వచ్చిన డాక్టర్ అల్లాని కిషన్ రావు తన దగ్గరకు వచ్చే రోగుల బాధకూ ఆ నీళ్లకూ సంబంధం ఉందని గట్టిగా చెప్పి, రైతులను కూడగట్టి ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో ఈ విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. నష్టపోయిన రైతులకు పరిహారం, గ్రామాలకు తాగునీరు ఇవ్వాలని ఆదేశాలు వచ్చాయి. ఆ వ్యాజ్యం చేతులు మారుతూ 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచి తీర్పు దాకా సాగింది. అంటే 27 ఏళ్లు. ఆ రోజు ఒడిలో ఉన్న బిడ్డ పెరిగి పెద్దదై, తన బిడ్డను ఎత్తుకునేంత కాలం.

మధ్యలో ఏమీ చేయలేదని కాదు. 1994లో పటాన్‌చెరులో ఫ్యాక్టరీలన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రం మొదలైంది. అయితే 2007లో స్వీడన్ దేశపు శాస్త్రవేత్తలు ఆ కేంద్రం నుండి శుద్ధి అయి బయటకు వచ్చే నీటిని పరీక్షించిన ఫలితాలు ప్రచురించారు. దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల నీళ్లు ఆ కేంద్రానికి వచ్చేవి. బయటికి పోయే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. ఒక్క రోజులో అలా పోతున్న మందు సుమారు 45 కిలోలని వారు లెక్క కట్టారు. స్వీడన్ దేశం మొత్తం 5 రోజులు వాడే మందుకు అది సమానం. 2009లో వెలువడిన మరో పరిశోధనలో చుట్టుపక్కల గ్రామాల బావి నీళ్లలో సైతం మందుల ఆనవాళ్లు కనిపించాయి. అదే సంవత్సరం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో అత్యంత కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతాల జాబితా ప్రకటిస్తే అందులో పటాన్‌చెరు–బొల్లారం ఉంది.

ఇది ఎక్కడో దూరపు కథ అనుకోవద్దు. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. ఆ మంజీరే ఘనపురం ఆనకట్ట దాటి మన జిల్లాలోని నిజాంసాగర్‌కు వస్తుంది. ఏటి నీళ్లకు వరదలు వచ్చి కొంత మురికిని కడిగివేస్తాయి. భూమి లోపలి నీళ్లకు ఆ భాగ్యం లేదు.

భూమి లోపల ఏం జరుగుతుంది?

మనది రాతి నేల. పైన కొంత మన్ను, దాని కింద మొరం, ఆ కింద గట్టి నల్లరాయి. నీళ్లు పెద్ద చెరువులాగా లోపల నిలిచి ఉంటాయని చాలామంది అనుకుంటారు. నిజానికి మన దగ్గర నీళ్లు మొరంలోనూ, రాతిలోని సన్నని పగుళ్లలోనూ ఉంటాయి. అందుకే ఒకరి బోరు పడి, పది గజాల దూరంలో వేసిన మరొక బోరు ఎండిపోతుంది. మురికి నీరు ప్రయాణించేది కూడా ఆ పగుళ్ల వెంటనే. కాబట్టి ఫ్యాక్టరీ గోడ పక్క బావి బాగుండి, దూరంగా ఉన్న బావి చెడిపోవడం కూడా జరగవచ్చు. ఎవరి బావి ముందు చెడుతుందో పైనుండి చూసి చెప్పలేం.

కింద వెలుతురు లేదు, గాలి తక్కువ. నీరు చాలా మెల్లగా కదులుతుంది. పైన ఉన్న వాగు నెలల్లో కోలుకోవచ్చు గాని కింది నీరు కోలుకోవడానికి ఏళ్లు, ఒక్కోసారి తరాలు పడుతుంది. మురికి పోయడం ఆపేసిన తరువాత కూడా మట్టికి అంటుకొని ఉన్న రసాయనాలు ప్రతి వానకూ కొంచెం కొంచెంగా దిగుతూనే ఉంటాయి.

రాజస్థాన్‌లోని ఉదయపూర్ దగ్గర బిచ్రీ అనే గ్రామం ఉంది. 1988–89 ప్రాంతంలో అక్కడ రంగుల తయారీకి వాడే ఒక రసాయనాన్ని కొద్దికాలమే తయారుచేశారు. దాని మడ్డిని ఆరుబయట పారబోశారు. సుమారు 60 బావుల నీళ్లు రంగు మారి పనికిరాకుండా పోయాయి. చెడగొట్టినవారే బాగుచేసే ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. మన దేశంలో ఆ సూత్రాన్ని స్థిరపరచిన తీర్పులలో అదొకటి. అయినా డబ్బు కట్టకుండా వాయిదాలు వేస్తూ వచ్చినందున 2011లో మళ్లీ ఆదేశించవలసి వచ్చింది. న్యాయం మన పక్షాన ఉన్నా నీళ్లు వెంటనే తిరిగి రావని దీన్నిబట్టి తెలుసుకోవాలి.

ఫ్యాక్టరీ తన నీళ్లను ఏం చేయాలి?

మన పిల్లలకు ఊరి దగ్గరే పని కావాలి. చెరకు కొనేవారు కావాలి, ధాన్యం ఆడించే మిల్లులు కావాలి. మన మండలంలో చక్కెర ఫ్యాక్టరీ ఉంది. జిల్లాలో రైసు మిల్లులు ఎన్నో ఉన్నాయి. వీటిలో దేనినీ వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు. ప్రతి ఫ్యాక్టరీకీ వాడిన నీళ్లు ఉంటాయి, ఆ నీళ్లకు ఒక పద్ధతి ఉంటుంది, ఆ పద్ధతి మనకు తెలిసి ఉండాలి.

ఉప్పుడు బియ్యం మిల్లులో వడ్లు నానబెట్టిన నీళ్లు విషం కావు గాని వాటిలో కుళ్లే పదార్థం ఎక్కువ. కుంటలో వదిలితే అది కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును తినేసి చేపలను చంపుతుంది. మొలాసిస్ నుండి స్పిరిట్ తీసే చోట ఒక లీటరు స్పిరిట్‌కు సుమారు 8 నుండి 15 లీటర్ల ముదురు గోధుమరంగు నీళ్లు వస్తాయి. అవి నేలలోకి దిగితే బావి నీళ్లకు రంగూ వాసనా వస్తాయి. మందుల ఫ్యాక్టరీ నీళ్లలో ఉప్పులు, ద్రావకాలు, మందు అవశేషాలు ఉంటాయి. తోలు శుద్ధిచేసే చోట క్రోమియం ఉంటుంది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క వైద్యం.

సాధారణంగా శుద్ధి మూడు మెట్లలో జరుగుతుంది. మొదట చెత్త, మడ్డి తీసివేసి, పులుపు ఎక్కువైతే సున్నం కలిపి సరిచేస్తారు. రెండవ మెట్టులో పెద్ద తొట్లలో గాలి కొట్టి, సూక్ష్మజీవుల చేత కుళ్లే పదార్థాన్ని తినిపిస్తారు. మూడవ మెట్టులో వడపోత, బొగ్గు, ఆర్.ఓ. వంటి పద్ధతులతో మిగిలినదాన్ని తీస్తారు. సూక్ష్మజీవులు ఉప్పునూ, లోహాలనూ తినలేవు. మందుల అవశేషాలు వాటినే చంపుతాయి. అందుకే రకరకాల ఫ్యాక్టరీల నీళ్లు ఒకే తొట్టిలో కలిపితే శుద్ధి సరిగా జరగదు. ఎవరి మురికిని వారు తమ ఆవరణలోనే ముందుగా విరిచి పంపాలి.

ఇంకా కఠినమైన పద్ధతి ఒకటి ఉంది. ఒక్క చుక్క కూడా బయటకు వదలకుండా నీటిని శుద్ధిచేసి తిరిగి వాడుకోవడం, మిగిలిన చిక్కటి భాగాన్ని మరిగించి ఉప్పుగా మార్చి, ఆ ఉప్పును అపాయకరమైన వ్యర్థాల కోసం కట్టిన చోటికి పంపడం. మన రాష్ట్రంలో అటువంటిది దుండిగల్‌లో ఉంది. డిస్టిలరీలకు, చాలా మందుల ఫ్యాక్టరీలకు ఈ పద్ధతినే విధిస్తున్నారు. దీనికి కరెంటు, ఆవిరి ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చు తప్పించుకోవాలనుకునేవారే రాత్రిపూట ట్యాంకర్లలో తెచ్చి వాగుల్లో వంపడం, వానాకాలంలో గేటు ఎత్తడం, పాడుబడ్డ బోరులోకి వదలడం చేస్తారు. ఈ మూడూ నేరాలే. బోరులోకి వదలడం అన్నిటికంటే ఘోరం, ఎందుకంటే అప్పుడు మధ్యలో వడకట్టే మన్ను కూడా ఉండదు.

ఇంటివారు చేయదగినవి

ఇప్పుడు మన పని. అమ్మలారా, అయ్యలారా, ఈ భాగాన్ని దయచేసి శ్రద్ధగా చదవండి.

మీ బావి లేదా బోరు నీళ్లను ఇప్పుడే, అంటే బాగున్నప్పుడే, ఒకసారి పరీక్ష చేయించండి. నీళ్లు చెడిపోయాక పరీక్ష చేయిస్తే, ముందునుంచీ ఇంతే అని ఎదుటివారు అనవచ్చు. ఆ మాటకు జవాబు చెప్పేది మీ పాత కాగితమే. వీలైతే మే నెలలో వానలకు ముందు ఒకసారి, నవంబరులో వానల తరువాత ఒకసారి చేయించడం మంచిది. తాగునీటి విషయంలో మిషన్ భగీరథ సిబ్బందిని, సాగునీటి విషయంలో రుద్రూర్ కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల అడగండి.

నీళ్లు పట్టడానికి ఒక పద్ధతి ఉంది. మోటారు 10 నిమిషాలు నడవనివ్వండి. శుభ్రమైన సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, అంచుదాకా నింపి మూత పెట్టండి. తేదీ, సమయం, సర్వే నంబరు, బోరు లోతు రాసి అంటించండి. ఆ రోజే, లేదా మరునాటిలోగా అప్పగించండి.

కాగితం చేతికి వచ్చాక చూడవలసినవి ఇవి. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 2000 వరకు అనుమతిస్తారు. పీహెచ్ 6.5కు 8.5కు మధ్య ఉండాలి. నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటరాదు. ఫ్లోరైడ్ 1, మరీ తప్పనప్పుడు 1.5 మిల్లీగ్రాములు. సీసం, ఆర్సెనిక్ ఒక్కొక్కటి 0.01 మిల్లీగ్రాము దాటరాదు.

అయితే ఒక సంగతి న్యాయంగా చెప్పుకోవాలి. ఫ్లోరైడ్ మన రాళ్లలోనే ఉంటుంది, దానికి ఫ్యాక్టరీ అక్కర లేదు. నైట్రేట్ మన పెంటకుప్పల నుండి, మరుగుదొడ్డి గుంతల నుండి, ఎక్కువైన యూరియా నుండి కూడా వస్తుంది. కాబట్టి అంకె పెరిగిందని వెంటనే ఎవరి మీదా నింద వేయకూడదు. ఏది పెరిగింది, ఎప్పటినుండి పెరిగింది, ఎన్ని బావుల్లో పెరిగింది అని చూడాలి. పాత కాగితం ఉంటేనే ఇది సాధ్యం.

నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి. ఉప్పులు, లోహాలు పోవు సరికదా, ఆవిరి పోయినకొద్దీ ఇంకా చిక్కబడతాయి. నైట్రేట్ ఎక్కువగా ఉన్న నీళ్లతో పసిబిడ్డకు డబ్బా పాలు కలపకండి. బిడ్డ ఒళ్లు నీలిరంగుకు తిరిగే ప్రమాదం ఉంది. ఆర్.ఓ. యంత్రం చాలావరకు ఉప్పులను, లోహాలను తీస్తుంది గాని కొన్ని ద్రావకాలు దాన్ని కూడా దాటిపోతాయి. పైగా ఇంటికి ఆర్.ఓ. పెట్టుకోవచ్చు, పొలానికి పెట్టలేం. చెడిన నీటి వాసన వస్తే, నురుగు లేస్తే, బిందె అడుగున కొత్త రంగు పట్టితే, నారు మాడితే, పశువులు మొహం తిప్పుకుంటే ఆ నీళ్లు తాగడం ఆపి ఆ తేదీ రాసి పెట్టుకోండి.

ఎండిపోయిన బోరుకు గట్టి మూత బిగించండి. చిన్నపిల్లలు పడిపోకుండా అది కాపాడుతుంది, ఎవరూ అందులో మురికి వంచకుండా కూడా కాపాడుతుంది. మన పురుగుమందు డబ్బాలను బావి గట్టున కడగడం కూడా మానాలి. ఇతరులను అడిగేముందు మన గట్టు శుభ్రంగా ఉండాలి.

ఊరివారు కలిసి చేయదగినవి

ఒక్కరు పరీక్ష చేయిస్తే అది ఒక కాగితం. పది బావులవి చేయిస్తే అది ఊరి లెక్క. సంఘంలోని యౌవనస్థులు ఊరి పటం గీసి, ఏ బావి ఎక్కడ ఉందో గుర్తుపెట్టి, ప్రతి ఏడూ ఫలితాలు ఒక పుస్తకంలో ఎక్కించవచ్చు. స్త్రీల సమాజంవారు ఆ పుస్తకాన్ని భద్రపరచవచ్చు. ఇందులో మన సంఘంవారు, ఇతరులు అన్న భేదం అక్కర లేదు. వాడకట్టులన్నిటికీ కింద ఉన్నది ఒకే నీరు. గ్రామ పంచాయతీకి ఒక ప్రతి ఇవ్వండి.

కొత్త ఫ్యాక్టరీ వస్తుందని తెలిస్తే అడగవలసిన ప్రశ్నలు నాలుగు. రోజుకు ఎన్ని నీళ్లు తీసుకుంటారు? ఎక్కడినుండి? వాడిన నీళ్లు ఎన్ని? అవి ఎక్కడికి పోతాయి? 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేకుండా ఫ్యాక్టరీ కట్టడానికీ, నడపడానికీ వీలులేదు. ఆ అనుమతి పత్రంలో ఈ నాలుగింటికీ జవాబులు ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా ఆ పత్రం అడగవచ్చు. పెద్ద పరిశ్రమలు చాలావాటికి ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. దానికి 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇస్తారు. అన్నిటికీ ఈ సభ ఉండదు, అందుచేత అనుమతి పత్రం చూడడం ఇంకా ముఖ్యం. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ప్రజలు రహదారి మీద బైఠాయించారు, పనులు ఆగాయి. రోడ్డు మీదికి రాకముందే కాగితం మీద అడగగలిగితే అందరికీ మేలు.

ఎక్కడైనా మురికి వదలడం కళ్లారా చూస్తే ఫొటో తీసి, తేదీ, సమయం రాసి, కాలుష్య నియంత్రణ మండలికీ కలెక్టరు గారికీ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. మీరు సీసాలో పట్టిన నీళ్లు అధికారులను కదిలిస్తాయి గాని కోర్టులో నిలవవు. మండలి అధికారి వచ్చి, ఫ్యాక్టరీవారికి తెలియజేసి, పద్ధతి ప్రకారం పట్టిన నమూనాయే చట్టప్రకారం చెల్లుతుంది. కాబట్టి మీ దరఖాస్తులో మండలివారే వచ్చి నమూనా తీయాలని స్పష్టంగా కోరండి. ట్యాంకర్లను ఆపి గొడవపడకండి. బండి నంబరు రాసుకోవడం చాలు.

పాసుపుస్తకాన్ని మనం బీరువాలో పెట్టి తాళం వేస్తాం. ఆ పొలం విలువంతా దాని కింద ఉన్న నీటి మీదే ఆధారపడి ఉందని పటాన్‌చెరు రైతులు ఎంతో నష్టపోయి మనకు తెలియజేశారు. వచ్చే మే నెలలోగా మీ బావి నీళ్లు పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని పాసుపుస్తకంలోనే పెట్టండి. మీ పిల్లలకు రెండూ కలిపి అప్పగించండి.